ఆక్సీకరణ ఒత్తిడి – మానవ వ్యాధులు

కణాల్లో నిరంతరం పుట్టే చురుకైన ఆక్సిజన్ పదార్థాలకూ, వాటిని అదుపు చేసే ఆంటీఆక్సిడెంట్ వ్యవస్థకూ మధ్య తూకం చెడి, మొదటివాటిది పైచేయి అయిన స్థితిని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. 1985లో జర్మన్ జీవరసాయన శాస్త్రవేత్త హెల్ముట్ సీస్ ఈ భావనకు స్పష్టమైన నిర్వచనం ఇచ్చాడు. సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్, హైడ్రాక్సిల్ రాడికల్ మొదలైన ఈ పదార్థాలు మైటోకాండ్రియాలో శ్వాసక్రియ జరిగేటప్పుడు కొంత పుడుతుండగా, పొగాకు పొగ, రేడియేషన్, కొన్ని మందులు వాటిని మరింత పెంచుతాయి. మోతాదు మించితే అవి కణపొరలోని కొవ్వులను, ప్రోటీన్లను, డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. అలాగని వాటిని ఒట్టి హానికారకాలుగా చూడటం సరికాదు. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికి సూపరాక్సైడ్‌ను పనిగట్టుకుని తయారు చేస్తాయి. ఆ శక్తి పుట్టుకతోనే కొరవడే దీర్ఘకాలిక గ్రాన్యులోమా వ్యాధిలో పసివయసు నుంచే తీవ్రమైన ఇన్ఫెక్షన్లు పదేపదే వస్తాయి.

చాలా వ్యాధుల్లో ఆక్సీకరణ ఒత్తిడి కారణమో, వ్యాధి ఫలితమో తేల్చడం కష్టం. ఆ సందిగ్ధానికి తావులేని ఉదాహరణ జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం. ఆక్సిజన్‌ను మోసే ఎర్ర రక్తకణంలో ఆక్సీకరణ ముప్పు ఎప్పుడూ ఉంటుంది. దాన్ని ఎదుర్కొనే గ్లూటాథయోన్ వాడిన ప్రతిసారీ తిరిగి పనికొచ్చే రూపంలోకి రావాలంటే ఎన్‌ఏడీపీహెచ్ అనే పదార్థం కావాలి. మైటోకాండ్రియా లేని ఈ కణానికి ఎన్‌ఏడీపీహెచ్ అందించే మార్గం ఒక్కటే, ఆ మార్గంలో తొలి మెట్టు జీ6పీడీ. ఎంజైమ్ కొరవడినవారిలో అత్యధికులు మామూలు రోజుల్లో ఆరోగ్యంగానే ఉంటారు. ప్రైమాక్విన్, డాప్సోన్ వంటి మందులో, బట్టల మధ్య వేసే కలరా ఉండల్లోని నాఫ్తలీనో, ఫావా చిక్కుడు గింజలో ఒంట్లోకి చేరినప్పుడు మాత్రం హీమోగ్లోబిన్ దెబ్బతిని కణంలో ముద్దలుగా పేరుకుంటుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో కణాలు చితికి, మూత్రం నల్లబడి, కామెర్లు, రక్తహీనత కనిపిస్తాయి.

ఈ లోపం 1956లో ప్రైమాక్విన్ పరిశోధనల ద్వారా బయటపడింది. అందుకు దారితీసిన మలేరియా మందుల ప్రయోగాలు అమెరికాలోని స్టేట్‌విల్ కారాగార ఖైదీలపై జరిగాయన్నది వైద్య నీతి చరిత్రలో నేటికీ మింగుడుపడని సంగతి. జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉండటంతో లోపం మగవారిలోనే ఎక్కువగా బయటపడుతుంది. ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి ఇది ఉందని అంచనా. వారిలో ఎక్కువమంది మలేరియా ప్రబలిన ప్రాంతాల సంతతివారే కావడానికి, ఈ లోపం మలేరియా నుంచి కొంత రక్షణ ఇవ్వడమే కారణమని శాస్త్రవేత్తలు భావిస్తారు. చిక్కు ఏమిటంటే, కాలేయంలో దాగే వైవాక్స్ మలేరియా క్రిమిని నిర్మూలించడానికి మన దేశంలో 14 రోజుల పాటు ఇచ్చే మందు ప్రైమాక్వినే కాబట్టి, తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల వంటి చోట్ల మందు మొదలుపెట్టే ముందు జీ6పీడీ పరీక్షకు ప్రాధాన్యం ఎక్కువ.

మిగతా వ్యాధుల్లో సాక్ష్యం ఇంత సూటిగా ఉండదు. రక్తనాళాల గోడలో ఆక్సీకరణం చెందిన ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌ను మాక్రోఫేజ్ కణాలు మింగి, నురగ కణాలుగా మారి, పూడికకు బీజం వేస్తాయన్న వివరణకు ప్రయోగశాలలో గట్టి ఆధారాలున్నాయి. మధుమేహం, పార్కిన్సన్స్, అల్జీమర్స్ వ్యాధుల్లోనూ ఆక్సీకరణ నష్టపు గుర్తులు కనిపిస్తాయి. అయినా ఆంటీఆక్సిడెంట్ మాత్రలతో వ్యాధిని ఆపవచ్చన్న ఆశ పెద్ద పరీక్షల్లో నిలవలేదు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులపై జరిపి 1994లో ప్రకటించిన అధ్యయనంలో, బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. విటమిన్ ఇ ఆ క్యాన్సర్‌ను తగ్గించలేకపోయింది. బీటా కెరోటిన్‌కు విటమిన్ ఎ జోడించి అమెరికాలో చేపట్టిన మరో పరీక్షలోనూ అదే హాని కనబడటంతో, దాన్ని 1996లో గడువుకు 21 నెలల ముందే ఆపేశారు.