జీతం మాట: ప్రైవేటు ఆసుపత్రి నర్సుల వేతన గోప్యతపై ఒక పరిశీలన

ఆడవాళ్ళ వయసు, మగవాళ్ళ జీతం అడగకూడదని తెలుగునాట ఒక నానుడి. సంపాదన మగవాడి వ్యవహారమనే ఊహలోంచి పుట్టిన ఈ మర్యాద, అత్యధికులు స్త్రీలే అయిన నర్సింగ్ వృత్తినీ వదల్లేదు. పైగా కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లో అది నియామక పత్రంలో షరతుగా మారుతుంది: వేతన వివరాలు గోప్యంగా ఉంచాలి, తోటివారితో చర్చించకూడదు. సేవావృత్తిలో ఉన్నవాళ్ళు డబ్బు లెక్కలు మాట్లాడుకోవడం బాగుండదన్న భావన ఈ షరతుకు నైతిక బలం ఇస్తుంది. నర్సులు జీతాలు పోల్చుకోవడం తగునా అన్న ప్రశ్నను మర్యాదకు సంబంధించినదిగా చూసినంత కాలం దానికి సరైన జవాబు రాదని నా వాదన. జీతం ఒక బేరంలో తేలుతుంది. ఆ బేరంలో ఒక పక్షానికి అందరి అంకెలూ తెలుసు, రెండో పక్షానికి తన అంకె ఒక్కటే తెలుసు. గోప్యత ఈ తేడాను కాపాడుతుంది. కాబట్టి ఆ గోప్యత ఎవరికి ఉపకరిస్తోందన్నది ముందు తేల్చుకోవాలి.

యాజమాన్యాలు జీతాలను పోల్చుకోవని ఎవరూ అనలేరు. ఈ విషయంలో అత్యంత స్పష్టమైన ఆధారం అమెరికా కోర్టు రికార్డుల్లో ఉంది. యూటా రాష్ట్రంలోని ఆసుపత్రులు, వాటి మానవ వనరుల అధికారుల సంఘం నర్సుల వేతనాల గురించి బయటికి చెప్పని సమాచారాన్ని తమలో తాము ఇచ్చిపుచ్చుకుంటున్నాయని, దానివల్ల జీతాలు పెరగకుండా ఆగాయని 1994లో అమెరికా న్యాయశాఖ కేసు వేసింది. అది సమ్మతి ఉత్తర్వుతో ముగిసింది, అలాంటి మార్పిడికి కట్టడి పడింది. 2006లో డెట్రాయిట్‌తో పాటు మరికొన్ని నగరాల నర్సులు ఇదే ఆరోపణతో ఆసుపత్రుల మీద దావాలు వేశారు. డెట్రాయిట్ కేసులో నేరుగా కుమ్మక్కయ్యారన్న వాదన నిలవలేదు. సమాచార మార్పిడి వల్ల వేతనాలు అణిగాయన్న వాదన మాత్రం 2012లో కోర్టు పరీక్షను దాటింది. చివరికి ఆ ఆసుపత్రులు కోట్ల డాలర్ల పరిహారానికి రాజీపడ్డాయి. ఈ కేసుల్లో నాకు ముఖ్యంగా తోచేది శిక్ష కాదు, వాటి వెనకున్న తర్కం. పక్క ఆసుపత్రి ఎంత ఇస్తోందో తెలిస్తే తాను ఎంత తక్కువతో సరిపెట్టవచ్చో యాజమాన్యానికి తెలుస్తుంది. ఆ పోలికకు అంత విలువ ఉన్నప్పుడు, అదే పోలిక నర్సు చేస్తే అమర్యాద అనడానికి ఆధారం కనిపించదు.

మన దేశంలో ఈ అసమానత మరోలా కనిపిస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రి నర్సు జీతం రహస్యం కాదు. వేతన సవరణ జీవోల్లో ఆమె స్కేలు అచ్చవుతుంది. సమాచార హక్కు చట్టం 2005లోని నాలుగో సెక్షను, ప్రతి ఉద్యోగి నెలసరి పారితోషికాన్ని ప్రభుత్వ సంస్థలు తమంతట తామే ప్రకటించాలంటుంది. అందువల్ల ఏ వార్డులోనూ పని ఆగిపోలేదు. ప్రైవేటు రంగానికి ఈ వెలుగు సోకదు. అయినా ఆ రంగంలోని నర్సులకు జరిగిన ప్రధాన న్యాయం పోలిక మీదే నిలబడింది. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వేసిన పిటిషన్‌పై 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో ఏర్పడిన నిపుణుల కమిటీ, ప్రైవేటు వేతనాన్ని ప్రభుత్వ స్కేలు పక్కన పెట్టి కొలిచింది. 200 పడకలు దాటిన ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది. 100 దాటితే తేడా 10 శాతానికి, 50 నుంచి 100 వరకు అయితే 25 శాతానికి మించకూడదంది. అంతకన్నా చిన్నవాటిలోనూ నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదంది. అమలు భారం రాష్ట్రాల మీద పడింది, చాలాచోట్ల అది సిఫారసుగానే మిగిలింది. తన అంకె బయటపెట్టకూడదన్న షరతుకు లోబడిన నర్సు, తనకు ఈ సిఫారసు అందిందో లేదో ఎవరితో సరిచూసుకుంటుంది?

పోల్చుకోవడం తగునని ఒప్పుకున్నా, దేన్ని పోల్చాలన్నది వేరే ప్రశ్న. దాన్ని తేలిగ్గా వదిలేస్తే గోప్యతను సమర్థించేవారికి బలం చేకూరుతుంది. చేతికొచ్చే జీతాన్ని మాత్రమే పోలిస్తే తప్పు తీర్పు వస్తుంది. ఒకే 22,000 రూపాయల మొత్తం మీద ఇద్దరు నర్సులు పనిచేస్తున్నారనుకుందాం. ఒకరి బేసిక్ 15,000, మరొకరిది 11,000. పన్నెండు శాతం చొప్పున మొదటివారికి పీఎఫ్ కింద 1,800, రెండోవారికి 1,320 కోత పడుతుంది. నెలనెలా 480 రూపాయలు ఎక్కువ అందుకుంటున్నందుకు రెండోవారే అదృష్టవంతులనిపిస్తుంది. కానీ యాజమాన్యం జమచేసే వాటా కూడా అంతే తగ్గింది కనుక, ఆమె పేరున చేరే సొమ్ము నెలకు 960 తక్కువ. గ్రాట్యుటీ లెక్కలోనూ ఆ తరుగు ఉంటుంది. దీనికి తోడు జీఎన్‌ఎమ్‌, బీఎస్సీ చదువుల తేడా, అనుభవం, ఐసీయూ లేక ఆపరేషన్ థియేటర్ డ్యూటీ, నెలలో పడే నైట్లు, ఓవర్‌టైముకు డబ్బు ఇస్తారా, బదులు సెలవు ఇస్తారా అన్నవి చూడాలి. ఇవన్నీ కలిపి మాట్లాడుకునే అలవాటు బహిరంగ చర్చలోనే ఏర్పడుతుంది. చాటుమాటుగా చెవినపడే ఒక్క అంకె అనుమానాన్ని పెంచుతుంది గాని అవగాహనను పెంచదు.

ఇక అభ్యంతరాలు. పోలిక అసూయను పుట్టిస్తుందనేది మొదటిది, దీనికి ఆధారం ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఉద్యోగులపై డేవిడ్ కార్డ్, ఆయన సహపరిశోధకులు చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. తోటివారి జీతాలు తెలుసుకున్నవారిలో మధ్యస్థం కన్నా తక్కువ పొందేవారి సంతృప్తి తగ్గింది, వేరే ఉద్యోగం వెతకాలన్న ఆలోచన పెరిగింది. ఎక్కువ పొందేవారిలో మార్పు కనబడలేదు. ఐసీయూలో ఒకరి షిఫ్టును మరొకరు అందుకునే చోట ఈ మనస్తాపం చిన్నది కాదు. అయితే ఆ మనస్తాపానికి మూలం తేడాలోనే ఉంది, మాట దాన్ని బయటపెట్టింది అంతే. స్త్రీలే అధికంగా ఉన్న ఈ వృత్తిలోనూ పురుష నర్సులు ఏటా సగటున 5,000 డాలర్లకు పైగా అదనంగా పొందుతున్నారని అమెరికాలో 2015లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. చదువు, అనుభవం, విభాగం వంటి కారణాలను లెక్కలోకి తీసుకున్న తర్వాత మిగిలిన తేడా అది. అలాంటి తేడాను ఏ నర్సూ తన ఒక్క పేస్లిప్పులో చూడలేదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. జీతాలు చర్చించుకునే హక్కుకు రక్షణ కల్పించిన అమెరికా రాష్ట్రాల్లో వేతనాలు సుమారు 2 శాతం తగ్గాయని జోయీ కల్లెన్, బాబీ పక్జాద్ హర్సన్ తేల్చారు. ఒకరికి పెంచితే అందరూ అడుగుతారని యాజమాన్యం ఎవరికీ పెంచకుండా బిగిసిపోతుంది. ఈ ఫలితాన్ని పక్కన పెట్టలేం. కానీ ఉమ్మడిగా బేరమాడేవారిలో ఆ తగ్గుదల స్వల్పమని కూడా వారే గుర్తించారు. తెలుసుకున్న అంకెను పట్టుకుని ప్రతి నర్సూ ఒంటరిగా హెచ్‌ఆర్ గదికి వెళితే నష్టపోవచ్చు. కేరళలో అలా జరగలేదు. 2011 తర్వాత సంఘాలుగా ఏర్పడి, సమ్మెలు చేసి, అక్కడి నర్సులు 2018 ఏప్రిల్‌లో చిన్న ఆసుపత్రుల్లోనూ 20,000 రూపాయల కనీస వేతనాన్ని ప్రభుత్వ నోటిఫికేషన్‌గా సాధించారు. జీతాల మాట అక్కడ ఉమ్మడి కోరికగా మారింది.

మూడోది వ్యక్తిగత గోప్యత, దీన్ని నేను మనస్ఫూర్తిగా అంగీకరిస్తాను. వార్డులో చెప్పిన అంకె ఊరికి చేరవచ్చు, అత్తింటికి చేరవచ్చు. తన సంపాదన మీద తనకు మిగిలిన కొద్దిపాటి అధికారాన్ని ఒక నర్సు ఆ మౌనంతోనే కాపాడుకుంటూ ఉండవచ్చు. చెప్పే హక్కు చెప్పాల్సిన బాధ్యతగా మారకూడదు. అమెరికాలో 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం ఈ గీతను సరిగ్గానే గీసింది. అది మాట్లాడుకునేవారిని కాపాడుతుందే గాని ఎవరినీ మాట్లాడమనదు. అయితే సూపర్‌వైజర్లు ఆ రక్షణకు వెలుపల ఉంటారు. 2006లో ఓక్‌వుడ్ హెల్త్‌కేర్ కేసులో, ఆ చట్టాన్ని అమలు చేసే కార్మిక బోర్డు, శాశ్వతంగా ఇన్‌ఛార్జి బాధ్యత చూసే నర్సులను సూపర్‌వైజర్లుగా లెక్కించింది. వార్డు సంగతులు బాగా తెలిసినవారే అలా మాట కోల్పోయారు.

అందుకే వ్యక్తులు తమ జీతాలు చెప్పడం కన్నా, ఆసుపత్రులు తమ స్కేళ్ళు ప్రకటించడం మేలు. అప్పుడు ఎవరి పేస్లిప్పూ బయటికి రానక్కర్లేదు. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో వచ్చిన కేంద్ర నిబంధనలు చికిత్సల ధరలను స్థానిక భాషలోనూ, ఇంగ్లీషులోనూ అందరికీ కనబడేలా పెట్టమంటున్నాయి. నర్సుల వేతన స్కేలును కూడా అదే రిజిస్ట్రేషన్ షరతుల్లో చేర్చడానికి కొత్త యంత్రాంగం అవసరం లేదు. 2016 నాటి కమిటీ వేతనాన్ని పడకల సంఖ్యతో ముడిపెట్టింది. ఆ సంఖ్యను ఆసుపత్రులు రిజిస్ట్రేషన్ దరఖాస్తులో ఇప్పటికే ప్రభుత్వానికి రాసి ఇస్తున్నాయి.