ఇంటి బండి - ఇల్లాలి చెయ్యి



బండి బాగోగులు మగవారి వ్యవహారమనీ, మనకు వెనక సీటు సంగతి తప్ప మరేమీ తెలియనక్కర్లేదనీ చాలామందిమి అనుకుంటూ ఉంటాం. చరిత్ర తిరగేస్తే సంగతి అలా కనబడదు.

1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిని ఆయనకు చెప్పకుండా బయటికి తీసింది. ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న తల్లి దగ్గరికి బయలుదేరింది. సుమారు 100 కిలోమీటర్ల దూరం. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే, టోపీకి గుచ్చుకునే పొడుగు పిన్నుతో పొడిచి బాగుచేసింది. కరెంటు తీగ ఒరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టే అతని చేత తోలు ముక్కలు కొట్టించింది. మోటారు కారు మీద మొట్టమొదటి దూరప్రయాణం ఆవిడదే. దారిలో ఆ రిపేర్లు చూసుకున్నదీ ఆవిడే.

ఇక మన కృష్ణా డెల్టాకి వద్దాం. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి కాలవలు పారిన తరవాత చాలాకాలం పడవలూ, ఎడ్లబళ్ళే మనకు ప్రయాణ సాధనాలు. బండి ఇరుసుకు కందెన పెట్టకపోతే చక్రం కిర్రుమంటుంది, ఇరుసు అరిగిపోతుంది. ఆ కందెన బజారులో కొన్నది కాదు. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి ఇంటి దగ్గరే తయారుచేసుకునేవారు. చక్రం ఆకు విరిగితే వడ్రంగి, ఇనుప కట్టు వదులైతే కమ్మరి చూసేవారు. పంట చేతికి రాగానే వారికి ధాన్యం కొలిచేవారు. చిన్న పని ఇంట్లో, పెద్ద పని పనివాడి దగ్గర - ఈ ఏర్పాటు ఒక్కటి గుర్తుంచుకోండి. బండ్లు మారాయి గాని ఈ సూత్రం మారలేదు.

తరవాత సైకిలు వచ్చింది. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్ కంపెనీ పెట్టాక హెర్క్యులెస్ సైకిళ్ళు మన దేశంలోనే తయారయ్యాయి. డెల్టాలో సైకిలుకు పెద్ద శత్రువు నల్లరేగడి. వానాకాలం ఆ బురద చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య కూరుకుపోయి చక్రం తిరగదు. పుల్ల పెట్టి గోకి, కడిగి, గొలుసును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, నాలుగు చుక్కలు నూనె వెయ్యాలి. బందరు వైపు ఉప్పుగాలికి తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. ట్యూబును నీళ్ళ బకెట్లో ముంచి, బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూసి, గరుకు కాగితంతో రుద్ది ముక్క అంటించడం ఎన్ని ఇళ్ళలో పిల్లలకు కూడా వచ్చిన విద్య!

స్కూటరు సంగతి మరీ తమాషా. 1946లో ఇటలీలో వెస్పా స్కూటరును రూపొందించిన కొర్రాదినో దాస్కానియో విమానాల ఇంజనీరు. మోటారు సైకిలంటే ఆయనకు గిట్టేది కాదట. బట్టలు మాసిపోతాయి, టైరు మార్చడం కష్టం అని. అందుకే గౌను వేసుకున్న స్త్రీ కూడా తేలికగా ఎక్కేలా ముందు ఖాళీ ఉంచాడు, ఇంజనుకు మూత పెట్టాడు, చక్రం ఇట్టే ఊడేలా అమర్చాడు. 1972లో వచ్చిన మన బజాజ్ చేతక్ ఆ వెస్పా వంశానిదే. స్టెప్నీ చక్రం ముందుకైనా వెనక్కైనా సరిపోయేది. అంటే ఆడవారి వీలు కూడా చూసి చేసిన బండినే మనం మగవారి బండి అనుకున్నామన్నమాట!

1970లలో చేతక్ కోసం పేరు నమోదు చేసుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. కొత్తది దొరకదు కనుక ఉన్నదాన్నే కాపాడుకోవాలి. ప్లగ్గుకు మసి పడితే విప్పి తుడవడం, పెట్రోలులో ఆయిలు పాళ్ళు తప్పకుండా చూడటం, స్టార్టు కాకపోతే బండిని ఓ పక్కకు వంచి మళ్ళీ కిక్కు కొట్టడం - ఇవి అందరికీ తెలిసిన చిట్కాలే. 1972లో లూనా, 1980లో టి.వి.ఎస్. 50 మోపెడ్లు వచ్చాక చాలామంది ఆడవాళ్ళు తామే బండి నడిపారు. పెద్ద రిపేరుకు మన విజయవాడలో ఆటోనగర్ ఉండనే ఉంది. లారీ బాడీ కట్టడం మొదలుకొని చిన్న బుష్ దాకా అక్కడ జరగని పని లేదు. కాని ఇంట్లో చూసుకోవలసింది చూసుకోకపోతే ఎంత గొప్ప మెకానిక్కు చేతిలో పెట్టినా ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఈ తెలివిడి ఎంత అవసరమో 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు తెలిసింది. సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట ప్రాంతాలలో బండ్లు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. మునిగిన బండికి మొదటి మందు ఏమిటంటే, దాన్ని స్టార్టు చెయ్యకపోవడమే. సిలిండరులో నీళ్ళున్నప్పుడు మీట నొక్కితే లోపలి కడ్డీ వంగిపోవచ్చు, వందలతో పోయేది వేలకు వస్తుంది. ముందు ఫోటోలు తీసుకుని బీమా కంపెనీకి తెలియజెయ్యాలి. బండిని నెట్టుకుంటూ మెకానిక్కు దగ్గరికి చేర్చాలి. అతను ప్లగ్గు విప్పి నీళ్ళు తీసి, ఇంజను ఆయిలు మారుస్తాడు. ఆయిలు పాలు పోసిన టీ రంగులో ఉందంటే అందులో నీళ్ళు కలిశాయనే అర్థం.

మామూలు రోజుల్లో వారానికి పావుగంట చాలు. టైర్లలో గాలి ఉందా, బ్రేకు ఎంత నొక్కితే పట్టుతోంది, హారనూ లైట్లూ పనిచేస్తున్నాయా చూడండి. నాలుగు స్ట్రోకుల బండి అయితే పుల్ల తీసి ఆయిలు మట్టం చూడండి. కింద పెట్రోలు చుక్కలు పడుతున్నాయేమో గమనించండి. పెట్రోలుతో ఏ భాగాన్నీ పొయ్యి ఉన్న గదిలో తుడవకండి. బ్రేకులు విప్పే పని సొంతంగా పెట్టుకోకండి, అది పనివాడిదే. బండి కొని పదిహేనేళ్ళు నిండుతుంటే రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. అప్పుడు బండి పరిస్థితిని పరీక్షిస్తారు కనుక, ఇన్నాళ్ళూ చూసుకున్న శ్రద్ధ అక్కడ అక్కరకు వస్తుంది.

అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసే మనకు, బండి చప్పుడులో తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. ఇంట్లో ఎవరికైనా అర్ధరాత్రి ఆస్పత్రికి వెళ్ళవలసి వస్తే, బండి కదలాలి కదా! దాన్ని కదిలే స్థితిలో ఉంచడం ఇంటి పనే. ఇంటి పనిలో మనకు చేతకానిదంటూ ఏముంది చెప్పండి!

సెలవు.