కుంకుడు నురగ, సిద్ర్ నురగ

మస్కట్‌కి వచ్చిన కొత్తలో అమ్మ మూటగట్టి ఇచ్చిన కుంకుడుకాయలు అయిపోయాయి. సంగతి విని పక్కింటి ఒమానీ పెద్దావిడ సిద్ర్ ఆకుల పొడి ఇచ్చి, నీళ్ళలో కలిపి తలకి రుద్దుకోమంది. చక్కగా నురగ వచ్చింది! సిద్ర్ మన రేగుచెట్టుకి దగ్గరి చుట్టం. దాని ఆకులోనూ, మన కుంకుడుకాయలోనూ మురికి వదిలించేవి సాపోనిన్లే.

తలంటయ్యాక పట్టే సాంబ్రాణి ధూపానికీ ఇక్కడ జోడీ ఉంది. ఒమానీలు ఇంటికీ బట్టలకీ లుబాన్ పొగ పట్టిస్తారు. అది ధోఫార్ కొండల్లోని చెట్ల బంక. అక్కడి సుమ్‌హురం రేవులో సుమారు రెండు వేల ఏళ్ళ కిందటే లుబాన్ ఓడలెక్కేది. తవ్వకాల్లో మన దేశపు మట్టిపాత్రల ముక్కలూ దొరికాయి. ఆ రేవుతో సహా లుబాన్ సీమను 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అమ్మ పోయాక మా అమ్మాయి అడిగింది: "అమ్మమ్మ ఎన్ని కుంకుడుకాయలు కొట్టేది? ఎంతసేపు నానబెట్టేది?" ఆఫీసులో ప్రోగ్రాములో చేసే ప్రతి చిన్న మార్పునీ రాసిపెట్టే నేను, అమ్మని ఆ కొలత ఒక్కసారీ అడగలేదు. మర్నాడే పక్కింటి తలుపు తట్టి, సిద్ర్ పొడి కొలత రాసుకున్నాను.