లదేణి నుంచి 1600 మీటర్ల దాకా: దమ్ము ఎట్లా వస్తది?



కేసముద్రంల పొద్దున్నే ఉరికే మనకు తరచూ వినబడే మాట ఒకటుంది: "మీకేంది, తాండోళ్లు, మీ నెత్తురే గట్టిది." మెచ్చుకుంటున్నరు కదా అని మనమూ నవ్వుతం. మరి నెత్తురే గట్టిదైతే మూడో రౌండుల ఎందుకు కూలబడుతున్నం? కూలబడ్డోడు తనలోనే ఏదో లోపముందనుకుని మరునాడు గ్రౌండుకు రావడమే మానేస్తున్నడు. అందుకే ఈ ముచ్చట రాస్తున్నం.

మనలో లంబాడోళ్ల పెద్దలు లదేణి చేసినోళ్లు. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగినోళ్లు. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఉత్తరాదిన ఒక తాండను చూసి, 14,000 ఎడ్లున్నయని రాసుకున్నడు. ఆ ఎడ్ల సంఖ్య మనం గర్వంగా చెప్పుకుంటం. ఆ బిడారు రోజుకు ఆరేడు మైళ్లకు మించి నడవదని కూడా ఆయనే రాసిండు. అది మాత్రం ఎవరం చెప్పుకోం. పిల్లలు, ముసలోళ్లు, బరువు మోసే పశువులు రేపు మళ్లీ నడవాలె, ఎల్లుండీ నడవాలె. నీళ్లు, మేత ఉన్న కాడ దిగుడే. నెలల ప్రయాణం ఆ మెల్లని నడకతోటే సాగింది.

తర్వాత రైలొచ్చింది. నిజాం రైలు 1886లో వరంగల్ దాకా, 1889 నాటికి మన కేసముద్రం మీదుగా బెజవాడ దాకా పోయింది. సరుకు వ్యాగన్లెక్కింది, లదేణి పోయింది. ఎడ్లతోపాటు ఆ నడక లెక్కా పోయింది.

మలావత్ పూర్ణ కథ కూడా సగమే చెప్పుకుంటం. నిజామాబాద్ జిల్లా పాకాలలో లంబాడ కూలీల బిడ్డ, తాడ్వాయి గురుకులంల చదివింది. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఇది అందరికీ ఎరికే. కానీ అంతకు ముందు భువనగిరి గుట్ట మీద శిక్షణ, ఆ తర్వాత డార్జిలింగ్, ఆపైన చలికాలం లద్దాఖ్. భువనగిరికి వంద మందికి పైగా పిల్లలు వస్తే చివరికి ఎవరెస్ట్‌కు పోయింది పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్, ఇద్దరే. పదహారేళ్లు నిండనోళ్లకు నేపాల్ అనుమతియ్యదు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కిన్రు. అంత ఎత్తుకు ఒక్కసారే పోతే ఒళ్లు తట్టుకోదు. కొంత ఎక్కుడు, మళ్లీ కిందికి దిగి పండుడు, మరునాడు ఇంకొంత. ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు కూలి 16 మంది పోయిన్రు. ఆ వార్త తెలిసినా వీళ్లు వెనక్కి రాలేదు. ఆ ధైర్యం కింద నెలల తయారీ ఉంది.

ఇగ మన సంగతి. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌ల మగపిల్లలకు 1600 మీటర్లు, టైం 7 నిమిషాల 15 సెకన్లు. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, అంటే రౌండుకు దాదాపు 108 సెకన్లు. మనోళ్లు మొదటి రౌండు 80 సెకన్లకే కొడుతున్నరు. మూడో రౌండుకు కాళ్లు ఇనుప గుండ్లయితయి, డొక్కల పోటు పుడుతది, "ఇగ ఆగుదాం" అని లోపల ఒకడు అరుస్తడు. వాణ్ని మేము కూడా చానా రోజులు నమ్మినం. అడుగు కొంచెం తగ్గించి, శ్వాస పూర్తిగా వదులుకుంట ఇంకో వంద మీటర్లు పోతే, చానాసార్లు వాడే ఊకుంటడు. వారానికింత పెంచుకుంట పోతే ఆ అరుపు మూడో రౌండు నుంచి నాలుగో రౌండుకు జరుగుతది. మాకట్లనే జరిగింది.

అన్ని నొప్పులూ ఒకటి కావు, ఇదొకటి గుర్తుండాలె. మాలో ఒకడు ముంగాలు ఎముక నొప్పిని అలసట అనుకుని వారమంతా ఉరికిండు, తర్వాత నెల మంచానికే. ఒక్క చోటనే గుచ్చే నొప్పి, ఛాతీ పోటు, కండ్లు తిరుగుడు వస్తే అక్కడికక్కడే ఆగాలె. ఎద్దు కుంటుతుంటే గోనె దించాలె గాని కొట్టి నడిపియ్యొద్దు.

ఆదివారం పొద్దున అయిదున్నరకు గ్రౌండుకు రాండ్రి. మొదటి రౌండు 108 సెకన్ల లోపు ఎవరు ఉరికినా వెనక్కి పిలుస్తం. వాచీ ఉన్నోళ్లు తెచ్చుకోండ్రి.