గోనెపట్టాల సిపాయి

కూచోండి అబ్బీ. చెనిక్కాయలు నిప్పుల్లోకి మరీ తోయాకండి, మాడిపోతాయి. నా జేజినాయన మిలిటరీ సంగతి అడిగితిరి కదా, చెప్తా. తుపాకి పట్టి జపానోన్ని కాల్చిన కత కావాలంటే మాత్రం ఇప్పుడే లేసి పోండి. ఆయన పట్టింది పార.

మాది జమ్మలమడుగు తాలూకా, పెన్న ఒడ్డు పల్లె. 1942 ఎండాకాలంలో మా జేజినాయన పత్తి బండి తోలుకొని ప్రొద్దుటూరు జిన్నింగు మిల్లుకు పోయినాడు. మూన్నాళ్ళకు బండీ ఎద్దులూ తిరిగొచ్చినాయి, తోలుకొచ్చింది మాత్రం పక్కూరి మనిషి. "మీ ఆయన పటాలంలో చేరినాడమ్మా, ముద్దనూరులో రైలెక్కినాడు" అని చెప్పి, పత్తి దుడ్డు మా జేజి చేతిలో పెట్టి పాయ. అప్పటికి మా నాయనకు ఏడేండ్లు. ప్రొద్దుటూరికి గానీ జమ్మలమడుక్కు గానీ అప్పట్లో రైలు యాడిది? మద్రాసు-బొంబాయి లైను అందుకోవాలంటే ఎర్రగుంట్లకో ముద్దనూరుకో పోవాల్సిందే.

ఎందుకు పోయినాడంటే, దేశభక్తీ కాదు, తెల్లోని మీద ప్రేమా కాదు. వానల్లేవు, అప్పుండె. అంతే. సర్కారుకు కూడా అప్పుడే మనుషులు కావాల్సొచ్చె. ఆ ఏడు ఫిబ్రవరి 15న సింగపూరు పడిపాయ, మార్చిలో రంగూను పాయ, ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడె. మద్రాసోల్లు యుద్ధానికి పనికిరారని ఎన్నో ఏండ్లు పంజాబు వైపే చూసిన తెల్లోడు, అవసరం గొంతు మీదికి వచ్చేసరికి మనూర్ల దాకా వచ్చినాడు. యుద్ధం ముగిసేనాటికి మన దేశం సైన్యం 25 లక్షలు. పంజాబు తర్వాత ఎక్కువమంది పోయింది మన మద్రాసు రాజధాని నుంచే. మనవాళ్ళల్లో శానామంది రోడ్లేసే దళాల్లో, వంతెనలు కట్టే దళాల్లో, లారీలు తోలే దళాల్లో పన్జేసినారు. తాడేపల్లిగూడెం కాడ మిలిటరీ మాధవరం చూడండి, ఊరు ఊరే పటాలం పేరు పెట్టుకునింది. అట్లాంటి ఊర్లో ఒకరి జాడ ఇంకొకరు చెప్తారు. మా పల్లె నుంచి పోయింది ఈయనొక్కడే.

1946లో తిరిగొచ్చినాడు. వచ్చి రచ్చబండ మీద కూచోని ఒక్క కత చెప్పినాడు, చెప్పి చెడినాడు. "అడివిలో బురద మొలకాటికి వస్తాది. తారులో ముంచిన గోనెపట్టాలు వరసగా పరిచి రోడ్డు చేసినాం, దాని మీద మిలిటరీ లారీలు పాయ" అనె. ఊరోల్లు కడుపు పట్టుకొని నగినారు. గోనెపట్టా మీద లారీ పోవడమేందప్పా! ఆ దినం నుంచి ఆయన గోనెపట్టాల సిపాయి. మల్ల ఆయన యుద్ధం మాట ఎత్తలేదు. నేనడిగినా "పోరా, ఎద్దులకు గడ్డెయ్యి" అనేవాడు. ఆయన పోయినాక ఇంట్లో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకున్యారు. మా పెద్దనాయన సింగపూరు అనేవాడు, మేనత్త బసరా అనేది.

మా జేజి దగ్గర ఆయనకు మిలిటరీవాళ్ళు ఇచ్చిన బిళ్ళలు రెండుండె. 1952 గంజి కరువులో ఇంట్లో గింజ లేకపాయ. గంజి కేంద్రం కాడ చెంబు పట్టుకొని నిలబడే దానికి ఆయమ్మకు మనసొప్పలేదు. బిళ్ళలు కొంగున కట్టుకొని ప్రొద్దుటూరు బంగారంగడి వీధికి నడిచిపాయ. అంగడాయన గీటురాయి మీద గీసి చూసి, "అవ్వా, ఒకటి కంచు, ఇంకోటి వెండి మాదిరి కనపడే మిశ్రమం. నాకెందుకు" అని వెనక్కిచ్చినాడు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బిళ్ళల్లో అచ్చమైన వెండివి ఉండె, వాటి అంచు మీదనే సిపాయి పేరూ నెంబరూ చెక్కి ఉంటాయి. అట్లాంటివి ఎన్ని ఇండ్లల్లో కరిగి కాలి మెట్టెలైనాయో! మాది కంచు కాబట్టి మిగిలింది.

ఆ కంచుది ఆరు మొనల చుక్క. నేను హైస్కూల్లో చేరినాక దాని మీదుండే ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని చదివితే, "బర్మా స్టార్" అని ఉండె. గుడ్డపట్టీ మాసిపోయింది గానీ, మధ్యన ఎరుపు, రెండు పక్కల నీలం, ఆ నీలంలో నారింజ గీత ఇంకా తెలుస్తా ఉండె. సింగపూరూ బసరా రెండూ ఆ పొద్దే కొట్టుకపాయ.

ఇంకో సంగతి. 1972లో స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పెట్టినారు, సుభాష్ చంద్రబోసు ఆజాద్ హింద్ ఫౌజువాళ్ళకు కూడా ఇచ్చినారు. మా చుట్టాలాయన ఒకడు "మీ జేజినాయన బోసు పటాలంలో ఉన్న్యాడని రాయిద్దాం, మీ జేజికి పింఛనొస్తాది" అనె. మా నాయన ఒప్పుకోలేదు. బోసు పక్కకు పోయినోల్లను తెల్లోడు కొలువు నుంచి తీసేసినాడు, జీతం కూడా ఎగ్గొట్టినాడు. వాళ్ళకు బర్మా స్టార్ ఇస్తాడా? ఈ పొద్దు ప్రతి ఇంట్లో తాత బోసు పక్కనే నిలబడినట్లు చెప్తారు. నిలబడినోల్లు నిజంగా ఉన్న్యారు, వాళ్ళకు దండం పెడతా. లేనోన్ని నిలబెడితే వాళ్ళకే తక్కువ.

తర్వాత పులివెందుల పక్క ఒక పల్లెలో బర్మాకు పోయొచ్చిన ముసలాయన ఉన్న్యాడని తెలిసి పోయినా. కండ్లు కనపడవు గానీ మాట గట్టిది. మా జేజినాయన పేరు చెప్తే "తెలీదప్పా, వేల మందిమి" అనేశ. నీరసమొచ్చి, ఉత్తపుణ్యానికి గోనెపట్టాల మాట ఎత్తినా. ముసలాయన లేసి కూచున్న్యాడు. "బర్మాలో తాము అనే ఊరి నుంచి కలేవాకు పోయే రోడ్డు! ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కేటట్ల పరచాల, లేకుంటే వాన నీళ్ళు కిందికి దిగి రోడ్డంతా పాయసమైపోతాది" అని చేతులతో చూపించె. కలేవా కాడ చింద్విన్ ఏటి మీద 1944 డిసెంబరులో కట్టిన తేలే ఇనుప వంతెన సంగతి కూడా చెప్పినాడు. పొడవు 1,100 అడుగుల పైన. మన పెన్న అంత ఏరా అంటే, "పెన్నలో నీళ్ళుంటే కదా పోల్చేది" అని నగినాడు.

ఆ రోడ్డు అబద్ధం కాదు. 14వ సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ 1956లో అచ్చేసిన తన పుస్తకంలో ఈ తారు గోనెపట్టాల పనిని వివరంగా రాసినాడు. ఆ అడివిలో కంకర దొరకదు, వానలు మీదికొస్తా ఉండె, బెంగాల్ జనపనార ఉండె. అందుకని ఆ ఉపాయం. దొరగారు రాస్తే చరిత్ర, మా జేజినాయన చెప్తే నగుబాటు.

ఇంతా అయినా ఏ దళమో తెలీదు. ఆ రోడ్డు మీద ఎన్నో దళాలు పన్జేసినాయి. బెంగళూరులో మిలిటరీ రికార్డుల ఆఫీసుకు రాస్తే, పేరుతో తేలదు, నెంబరుండాల అన్న్యారు. నిజమే, మన తాలూకాలో ఒక పేరు పెట్టుకున్నోల్లు పల్లెకు నలుగురు. డిశ్చార్జి కాగితమా, చెదలు తినిపాయ. కడాకు నెంబరు దొరికింది మా జేజినాయన ట్రంకు పెట్టె మీద. పచ్చరంగు పూసి మా జేజి దాంట్లో కందిబ్యాడలు పోసి పెట్టె. మూత మీద రంగు పెచ్చులూడిన చోట తెల్ల అక్షరం ఒకటి కనపడితే, బ్లేడుతో మెల్లగా గోకినా. నెంబరు, పేరు, కింద "ఐ.పి.సి." అని మూడక్షరాలు. మావోడు ఒకడు "ఐపీసీ అంటే పోలీసు కేసు కదా, ఏం జేసినాడు?" అని భయపడె. ఇండియన్ పయొనీర్ కోర్ అని తర్వాత తెలిసింది. రోడ్లూ విమానాల మైదానాలూ చదును చేసి, ఓడల్లో సరుకు దించి, పటాలానికి ముందు దారి చేసే దళం.

నెంబరు రాసి పంపితే జవాబొచ్చె. 15 ఏండ్ల కొలువు లేదు కాబట్టి ఆయనకు పింఛను లేదు. పింఛను లేనోల్ల కొలువు వివరాలుండే షీట్ రోల్ 25 ఏండ్లకు తీసేస్తారు. లాంగ్ రోల్ అనే పెద్ద పుస్తకం మాత్రం ఉంచుతారు. దాంట్లో ఒక్క వరస: నెంబరు, పేరు, 1942లో చేరినట్లు, 1946లో విడుదలైనట్లు. నాలుగేండ్ల బురదకు అంతే లెక్క.

తిరిగి రానోల్ల జాడ ఇంకో దారి. యాంగోన్ దగ్గర తౌక్యాన్‌లో రంగూన్ స్మారకం మీద సమాధి లేని దాదాపు 27 వేల మంది పేర్లుండాయి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం పట్టీలో ఎవరైనా ఊరికే వెతకొచ్చు. కడప అని కాకుండా తెల్లోల్లు రాసిన కడ్డపా అనే స్పెల్లింగుతో వెతకండి. ఊరి పేరు, తండ్రి పేరు, భార్య పేరు కూడా కొన్నిటికి ఉంటాయి. తిరిగొచ్చినోల్లయితే మాజీ సైనికుల కింద సర్కారు ఇచ్చిన భూమికి డి.కె.టి. పట్టా ఏమన్నా ఉందేమో ఇంట్లో చూడండి, కడపలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. పాత సామాన్లోనికి ట్రంకు పెట్టె ఏసేముందు మూత మీద రంగు రోంత గోకి చూడండి. నెంబరు కనపడితే అప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.