తెరకెక్కిన తెలుగు లిపి

ఇంటర్నెట్ తొలినాళ్లలో తెలుగువాళ్లు తమ భాషను ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకున్నారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఆర్‌టీఎస్ పద్ధతి ఆ రాతకు ఒక క్రమం తెచ్చింది: చిన్న ఎల్ కొడితే ‘ల’, పెద్ద ఎల్ కొడితే ‘ళ’.

తెలుగు లిపిలో రాయబోతే మరో చిక్కు. ఫాంటుకో సంకేత పద్ధతి ఉండేది. ఒక ఫాంటులో టైపు చేసింది ఇంకో ఫాంటులో గజిబిజి గీతలుగా కనబడేది.

ఈ చిక్కుముడిని అన్ని ఫాంట్లకూ ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్ విప్పింది. 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాల పట్టిక కేటాయించారు. అందులో ‘క్ష’కు విడిగా చోటు లేదు, క, పొల్లు, ష వరుసగా చేరితే తెరపై ఆ సంయుక్తాక్షరం ఏర్పడుతుంది.

2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటుతో వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. నేడు ఫోనులో తెలుగు లిపిలో పంపే సందేశాలకు ఆ యూనికోడ్ పట్టికే పునాది.