సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత వృక్షజాల అధ్యయన చరిత్ర

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల చుట్టూ ఉన్న నేల మూసీకి ఇరుపక్కలా, కృష్ణకు ఉత్తరాన పరుచుకుని ఉంది. ఇక్కడి మొక్కలను శాస్త్రపద్ధతిలో గుర్తించే పని చాలాకాలం పొరుగు ప్రాంతాల చుట్టూనే తిరిగింది. కారణం ప్రకృతి కాదు, పాలన. 1948 వరకు ఈ మూడు ఊళ్లూ నిజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లాలో ఉండేవి. కృష్ణ దాటితే పల్నాడు, కోదాడకు తూర్పున జగ్గయ్యపేట. ఆ రెండూ మద్రాసు ప్రెసిడెన్సీవి. ఇంగ్లీషు కంపెనీ, ఆ తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం జీతమిచ్చి పోషించిన వృక్షశాస్త్రం ప్రధానంగా ప్రెసిడెన్సీ జిల్లాలనే తన పరిధిగా పెట్టుకుంది. మొక్కలకు ఆ సరిహద్దు పట్టలేదు. గట్టుకు ఇవతల చండ్ర, తుమ్మ, బలుసు, రేగు, తంగేడు ఉన్నట్టే అవతలా ఉన్నాయి.

ఈ ప్రాంతపు నేల ఒకే తీరుగా ఉండదు. సూర్యాపేట వైపు గ్రానైటు గుట్టలు, ఎర్ర చెలకలు ఎక్కువ. కోదాడ, హుజూర్‌నగర్, మట్టపల్లి వైపు సున్నపురాయి, దానిపై అక్కడక్కడా నల్లరేగడి. మిర్యాలగూడకు దక్షిణాన వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. ఆ చుట్టుపక్కల కృష్ణ ఒడ్డున ముళ్లపొదలు, ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి ఉన్నాయి. దక్కను పొడి అడవులకు పరిచితమైన మోదుగ, రేల, బిల్లు, తునికి, సోమి వంటి చెట్లే ఈ ప్రాంతపు చర్చలోనూ ముందుకు వస్తాయి. నేల ఇన్ని రకాలుగా మారే చోట విడిగా, ఓపికగా సేకరణ జరగాలి. అది ఆలస్యంగా మొదలైంది.

తెలుగు నేల మొక్కలపై ఆధునిక అధ్యయనం కోస్తాలో పుట్టింది. లిన్నేయస్ శిష్యుడైన జొహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తరంగంబాడి చేరి, 1778 నుంచి మద్రాసులో కంపెనీ కొలువులో ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో చనిపోయాడు. ఆయన స్థానంలోకి వచ్చిన ప్యాట్రిక్ రసెల్ విశాఖపట్నం కేంద్రంగా పనిచేశాడు. పాములపై చేసిన పని వల్ల ఆయనకు ఎక్కువ పేరు వచ్చినా, కోరమాండల్ మొక్కల బొమ్మల గ్రంథం తేవాలన్న ఆలోచన వెనుక ఉన్నది ఆయనే. ఆ ఆలోచనను పని చేసి చూపినవాడు విలియం రాక్స్‌బర్గ్. 1781 నుంచి సామర్లకోటలో తోట పెంచి, స్థానిక చిత్రకారుల చేత మొక్కలను యథాతథంగా గీయించి, వాటి తెలుగు పేర్లు కూడా రాసిపెట్టాడు. ఆ బొమ్మల్లో 300 ఎంపిక చేసి 1795 నుంచి 1820 దాకా లండన్‌లో మూడు సంపుటాలుగా వేశారు. సోమి చెట్టు బెరడు జ్వరానికి సింకోనా బదులు పనికొస్తుందేమోనని రాక్స్‌బర్గ్ పరీక్షించాడు. తర్వాత ఆ చెట్టు ప్రజాతికి పెట్టిన సోయ్‌మిడా అన్న శాస్త్రీయ నామం ఈ తెలుగు పేరు నుంచి వచ్చిందే. 1793లో ఆయన కలకత్తా వెళ్లాక సామర్లకోట బాధ్యత బెంజమిన్ హేన్‌కు వచ్చింది. తన యాత్రల దినచర్యలతో హేన్ 1814లో ఒక పుస్తకం వేశాడు.

పందొమ్మిదో శతాబ్దంలో పని వేగం పెరిగింది. రాబర్ట్ వైట్ 1838, 1853 మధ్య దక్షిణ భారత మొక్కలపై రెండు వేలకు పైగా చిత్రపటాలు ముద్రించాడు. వాటిని ప్రధానంగా గీసినవారు రంగయ్య, గోవిందు. ఒక ఆర్కిడ్ ప్రజాతికి వైట్ గోవిందు పేరే పెట్టాడు. చిత్రకారుడి పేరు శాస్త్రంలోకి ఎక్కడం ఆ కాలంలో అరుదు. తెలుగువారికి వీటికన్నా దగ్గరి పుస్తకం వాల్టర్ ఇలియట్ 1859లో మద్రాసులో వేసిన ‘ఫ్లోరా ఆంధ్రికా’. ఉత్తర సర్కారుల తెలుగు జిల్లాల్లో కనిపించే మొక్కలకు తెలుగు పేర్లనూ శాస్త్రీయ నామాలనూ జోడించిన జాబితా అది. నల్లగొండ జిల్లా దాని పరిధిలో లేదు. అయినా కోదాడ రైతు నోట వినిపించే పేర్లు చాలావరకు అందులో దొరుకుతాయి. ఆ విధంగా ఈ ప్రాంతానికి తొలి సూచిక అనదగ్గది సరిహద్దు అవతల తయారైంది.

జోసెఫ్ హుకర్ నేతృత్వంలో 1872, 1897 మధ్య ఏడు సంపుటాలుగా వచ్చిన ‘ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’లో చాలా మొక్కలకు ‘దక్కను ద్వీపకల్పం’ వంటి విశాలమైన చోటే చూపారు. తాలూకా, గుట్ట, వాగు స్థాయి వివరాలు దాంట్లో ఆశించలేం. జేమ్స్ సైక్స్ గాంబుల్ 1915లో ప్రారంభించిన ‘ఫ్లోరా ఆఫ్ ది ప్రెసిడెన్సీ ఆఫ్ మద్రాస్’ ఇంకా వివరమైనది. 1925లో గాంబుల్ చనిపోయాక సి.ఇ.సి. ఫిషర్ దాన్ని 1936లో పూర్తిచేశాడు. దక్షిణాదిలో మొక్కను గుర్తించడానికి ఇప్పటికీ చేతికి వచ్చే గ్రంథం ఇదే. దీని పటం మాత్రం ప్రెసిడెన్సీ గట్టు దగ్గర ఆగిపోతుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల మొక్కలకు లెక్క దొరికింది. మిర్యాలగూడ, కోదాడ మొక్కలకు దొరకలేదు. తర్వాతి తరాలకు గాంబుల్ గ్రంథం ఇచ్చిన మేలు ఎంతో, వదిలిపెట్టిన ఖాళీ కూడా అంతే.

నిజాం రాజ్యంలో పని వేరే దారిలో సాగింది. ఇ.ఎ. పార్ట్‌రిడ్జ్ 1911లో నిజాం రాజ్యపు అటవీ వృక్షజాలంపై పుస్తకం ప్రచురించాడు. కలప, కట్టెల మీద దృష్టి ఉన్న అటవీ వృక్షజాల గ్రంథాల్లో సాధారణంగా గడ్డికీ, పొలం గట్టు మొక్కలకూ దక్కే చోటు తక్కువ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంతో ఆ లోటు కొంత తీరింది. అక్కడి ఎం. సయీదుద్దీన్ హైదరాబాదు రాజ్యంలోని సాధారణ పూలమొక్కల వ్యాప్తి గురించీ, ఆర్థిక ప్రయోజనాల గురించీ 1930ల నుంచి పత్రికల్లో వ్యాసాలు రాశాడు. ఉస్మానియా బోధనా భాష అప్పట్లో ఉర్దూ. సూర్యాపేట నుంచి వెళ్లిన విద్యార్థి ఇంట్లో తెలుగులో, తరగతిలో ఉర్దూలో, నమూనా చీటీ మీద లాటిన్‌లో ఒకే మొక్కను మూడు పేర్లతో పిలవాల్సి వచ్చేది.

1956లో తెలుగు ప్రాంతాలు ఒకే రాష్ట్రమయ్యాక పరిపాలనా గోడ తొలగింది. 1890లో ఏర్పడి 1954లో పునర్వ్యవస్థీకరణ పొందిన బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్షిణ విభాగం కోయంబత్తూరు నుంచి పనిచేసేది. మద్రాసు హెర్బేరియం ఉన్నదీ అక్కడే. హైదరాబాదులో ఆ సంస్థకు దక్కన్ ప్రాంతీయ కేంద్రం ఏర్పడింది ఈ శతాబ్దంలోనే. మధ్యకాలంలో భారం మోసింది విశ్వవిద్యాలయాలు. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో టి. పుల్లయ్య, సహచరులు జిల్లా వారీగా వృక్షజాల గ్రంథాలు తెచ్చి, 1997లో ‘ఫ్లోరా ఆఫ్ ఆంధ్ర ప్రదేశ్’ వెలువరించారు. గాంబుల్ పటంలో ఖాళీగా మిగిలిన తెలంగాణ జిల్లాలు దీనితో పూరించబడ్డాయి. రాష్ట్ర విభజన తర్వాత 2015లో పుల్లయ్యే మూడు సంపుటాల ‘ఫ్లోరా ఆఫ్ తెలంగాణ’ తెచ్చారు. వరంగల్లులోని కాకతీయ విశ్వవిద్యాలయంలో వి.ఎస్. రాజు, ఆయన విద్యార్థులు ఉత్తర తెలంగాణ మొక్కలపై, బయటి నుంచి వచ్చి పాతుకుపోయిన జాతులపై పనిచేశారు. 2016 అక్టోబరులో నల్లగొండ నుంచి సూర్యాపేట జిల్లా విడిపోయింది. మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. పాత నమూనాల చీటీల మీది ‘నల్లగొండ జిల్లా’ ఇప్పుడు ఏ జిల్లాకు చెందుతుందో ఊరు చూసి తేల్చుకోవాలి.

గ్రంథాలు సిద్ధమయ్యేలోగా నేల మారిపోయింది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలను వరి ఆయకట్టుగా మార్చింది. జొన్న, సజ్జ, ఆముదం పండిన చెలకల్లో నీరు నిలిచింది. దాంతో ఊద, తుంగ, గుంటగలగర వంటి తడినేల కలుపు మొక్కలు ముఖ్యమయ్యాయి. బతుకమ్మలో తంగేడు పక్కన పేర్చే గునుగు వర్షాధార చెలకల మొక్క, నీరు నిలిచే వరిమడిలో అది నిలవదు. త్రిపురారం మండలం కంపాసాగర్‌లోని వ్యవసాయ పరిశోధన కేంద్రం ఈ ఆయకట్టు అవసరాలకు పనిచేస్తోంది. వరి, కలుపు విషయంలో ఈ ప్రాంతంపై వచ్చిన జ్ఞానం అడవి మొక్కల జ్ఞానం కంటే చాలా ముందుంది.

బయటి మొక్కల చరిత్ర దీనికి సమాంతరంగా నడిచింది. సర్కారు తుమ్మ విత్తనాలను 1877లో కడప ప్రాంతానికి తెప్పించారు. ఎండిన నేలకు కట్టెలు దొరుకుతాయని నాటిన చెట్టు, చెరువు శిఖాలనూ బీళ్లనూ ఆక్రమించింది. 1955లో పుణె దగ్గర గుర్తించిన వయ్యారిభామ కొద్ది దశాబ్దాల్లోనే రోడ్ల వెంట పాకింది. చెరువుల్లో గుర్రపుడెక్క, కాలువ గట్ల మీద తూటికాడ స్థిరపడ్డాయి. 2015 జూలైలో మొదలైన హరితహారంలో కోనోకార్పస్‌ను విరివిగా నాటారు. తర్వాత ప్రభుత్వమే దాన్ని నాటడం ఆపించింది.

ఇప్పుడు ఈ ప్రాంతపు మొక్కల జాబితాలు రెండు చోట్ల తయారవుతున్నాయి. ఒకటి విశ్వవిద్యాలయ పరిశోధన. రెండోది పర్యావరణ అనుమతుల కోసం సమర్పించే నివేదికలు. మేళ్లచెరువు, మట్టపల్లి పరిసరాల సున్నపురాయి గనులకూ, దామరచర్ల దగ్గర అటవీ భూమి తీసుకుని కట్టిన 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రానికీ ఇలాంటి నివేదికలు అవసరమయ్యాయి. తక్కువ కాలంలో చేసే ఇలాంటి సర్వేల్లో వానలకు మొలిచి కొద్ది వారాలే ఉండే చిన్న మొక్కలు సులువుగా జారిపోతాయి. పైగా ఈ జాబితాలకు హెర్బేరియంలో దాచిన నమూనా తోడు లేకపోతే, తర్వాతి పరిశోధకుడు పేరును సరిచూసుకునే వీలుండదు. అడవి మిగిలిన కృష్ణ ఒడ్డునూ, సున్నపురాయి గుట్టలనూ తవ్వకం చేరకముందే అన్ని ఋతువుల్లోనూ నమూనాలతో సహా నమోదు చేయాల్సిన పని మిగిలే ఉంది.